అగ్నిశేషం

అది 2020 అక్టోబరు 25, ఆదివారం. సాయంత్రం ఆరు కావస్తోంది. నేను వంటింట్లో ఉన్నాను. పక్కింటావిడ ఫెన్స్ అవతలి నుంచి నా పేరు పెట్టి గట్టిగా అరుస్తోంది. మామూలుగా చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. బయటికి పరుగెత్తి చూస్తే, ఇంటి పక్క సందులో పెట్టిన చెత్త డబ్బాలోంచి పొగ వస్తోంది. ప్లాస్టిక్ డబ్బా ఒక పక్క మెత్తబడి లోపలికి కుంగిపోయింది. దాని వెనక ఫెన్స్ చెక్క మూరెడు మేర నల్లబడింది. గార్డెన్ పైపు లాగి నీళ్లు కొట్టాను. చుయ్యిమని ఆవిరి లేచింది. ఆ చప్పుడు ఆగేదాకా కొడుతూనే ఉన్నాను.

ఆ నిప్పు శుక్రవారం రాత్రిది.

కోవిడ్ రోజులు. ఎవరి ఇళ్లలోకి ఎవరూ వెళ్లని కాలం. పెరట్లో దూరం దూరంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటే తప్ప ఇంకో మనిషి మొహం చూసే వీలు లేదు. అందుకే ఆ ఏడాది మా వీధిలో సగం ఇళ్లకి ఫైర్ పిట్లు వచ్చాయి. మేమూ ఒకటి కొన్నాం, గుండ్రటి స్టీలు గిన్నెలాంటిది, పైన జల్లెడ మూత. శుక్రవారం రాత్రి ఒక కుటుంబాన్ని పిలిచాం. పిల్లలు మార్ష్‌మాలోలు కాల్చుకున్నారు. పదిన్నరకి మంట దానంతట అదే తగ్గిపోయింది. మూత పెట్టి లోపలికి వెళ్లిపోయాం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బూడిద తీశాను. తీసే ముందు పైన చెయ్యి పెట్టి చూశాను కూడా. చల్లగా ఉంది. ముప్పై నాలుగు గంటలు దాటింది, ఇంకేముంటుంది అనుకున్నాను. కాగితం సంచిలో ఎత్తి చెత్త డబ్బాలో వేశాను.

సాయంత్రం పొగ చూసే వేళకి మా వీధిలో ఇంకా గాలి మొదలవలేదు. రాత్రికి మొదలైంది. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న మా బే ఏరియాలో డయాబ్లో గాలులు అంటారు వాటిని. ఈశాన్యం నుంచి, భూమి మీద నుంచి సముద్రం వైపు వీస్తాయి. కొండల మీద నుంచి కిందికి దిగే కొద్దీ వేడెక్కి, ఇంకా పొడిబారతాయి. మన పల్నాడులో మే నెల పడమటి గాలి ఎలా ఉంటుందో అలా ఉంటాయి, కాకపోతే వేగం చాలా ఎక్కువ. ఆ రాత్రి ఫోన్లో రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఉంది, అంటే మంట పుడితే వేగంగా పాకే వాతావరణం అని హెచ్చరిక. కరెంటు తీగలు తెగి రవ్వలు రాలతాయేమోనని కొండల వైపు చాలా ఇళ్లకి కంపెనీ వాళ్లే ముందుగా సరఫరా ఆపేశారు. నేను రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చున్నాను. మా ఇంటి వెనక రెండు వీధులు దాటితే కొండ. మే నెల నుంచి ఎండి, గోధుమ రంగు తిరిగిన గడ్డి. ఆ డబ్బా ఆరు గంటలకి కాకుండా పదకొండు గంటలకి అంటుకుని ఉంటే? అదొక్కటే ఆలోచన.

మేముండేది కాలిఫోర్నియాలో, శాన్ రమోన్‌లో. తెలుగువాళ్లు బాగా ఉన్న ఊరు. ఇది రాస్తున్నది ముందుగా వాళ్ల కోసం, ఆ తర్వాత డబ్లిన్, ఫ్రీమాంట్, లాస్ ఏంజెలెస్, డెన్వర్, ఆస్టిన్ చుట్టుపక్కల ఎండు గడ్డి పక్కన కొత్త కాలనీల్లో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లందరి కోసం. కట్టెలు కాల్చే ఫైర్ పిట్ మన పెరళ్లలో వద్దు అంటున్నాను. జాగ్రత్తగా వాడుకుందాం అనడం లేదు. గడ్డి ఎండి ఉన్న నెలల్లో అసలు వద్దు.

జాగ్రత్తగా ఉంటాం కదా అనే మాట చాలామంది నుంచి విన్నాను. నిజమే, మనవాళ్లు జాగ్రత్తపరులే. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. పైపు పక్కన పెట్టుకుంటారు. గాలి వేస్తే ఆపేస్తారు. అయితే ఈ జాగ్రత్త అంతా మంట కనిపిస్తున్నంతసేపే. అసలు ప్రమాదం కుర్చీలు మడతపెట్టాక మొదలవుతుంది.

ఇది నాకు తెలియని విషయం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మా అమ్మమ్మ వాళ్లది పల్నాడు వైపు పల్లెటూరు. కట్టెల పొయ్యి, పిడకలు. రాత్రి వంటయ్యాక ఆమె పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని ఆర్పేది కాదు. ఒక మూలకి చేర్చి, పైన బూడిద కప్పేది. తెల్లారాక ఆ బూడిద పక్కకి తోసి, ఎండు పుల్లలు పెట్టి గొట్టంతో ఊదితే మంట వచ్చేది. అగ్గిపెట్టె ఖర్చు కలిసొచ్చేది. పక్కింటివాళ్లు పిడక తెచ్చుకుని నిప్పు అంటించుకుపోయేవాళ్లు. నివురుగప్పిన నిప్పు అని మనం మనుషుల కోపతాపాల గురించి వాడే మాట ఆ పొయ్యిలోంచి పుట్టిందే. బూడిద నిప్పుని చంపదు, కాపాడుతుంది. వేడి బయటికి పోకుండా దుప్పటిలా పనిచేస్తుంది. గాలి చాలా కొద్దిగా మాత్రమే లోపలికి వెళ్తుంది కాబట్టి బొగ్గు గబగబా కాలిపోకుండా, నెమ్మదిగా, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కాలుతుంది. పైన చెయ్యి పెడితే చల్లగానే తగులుతుంది.

అదే అమ్మమ్మ ఎండాకాలంలో మరో రకంగా ఉండేది. పొద్దెక్కి గాలి లేవకముందే వంట ముగించేది. పొయ్యిలో బూడిద తీసి పెంటకుప్ప మీద పోసే ముందు చెంబుతో నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ నీళ్లు పోసేది. బూడిద బురద అయ్యేదాకా ఊరుకునేది కాదు. ఆమె చిన్నప్పుడు ఎవరో సగం ఆరిన బూడిద కుప్ప మీద పోస్తే, మధ్యాహ్నం గాలికి రవ్వ లేచి గడ్డివాము అంటుకుంది. వాము నుంచి తాటాకు ఇళ్లకి పాకింది. ఆ కథ ఆమె ప్రతి ఎండాకాలం చెప్పేది. ఋణశేషం, శత్రుశేషం, అగ్నిశేషం ఉంచకూడదని ముగించేది.

ఇన్ని విన్న నేను కాగితం సంచిలో బూడిద ఎత్తి చెత్త డబ్బాలో ఎందుకు వేశానని చాలాసార్లు ఆలోచించాను. నాకు తోచిన కారణం ఇది: ఆ స్టీలు గిన్నెని నేను పొయ్యి అనుకోలేదు. పెరట్లో పెట్టుకునే ఫర్నిచర్ అనుకున్నాను. కుర్చీలు, గొడుగు, ఫైర్ పిట్. అమ్మే చోట కూడా అలాగే పక్కపక్కన పెడతారు. పొయ్యి అనుకుని ఉంటే నా చేతులు వాటంతట అవే నీళ్ల చెంబు వెతికేవి.

అమ్మమ్మ చెప్పినది పల్లెటూరి పాత కథ కదా, ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్లు, హైడ్రంట్లు ఉన్నాయి కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ రాత్రి తర్వాత నేను పెద్ద పెద్ద అగ్నిప్రమాదాల దర్యాప్తుల గురించి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ అమ్మమ్మ పెంటకుప్ప కథే మళ్లీ మళ్లీ కనిపించింది.

మాకు అన్నిటికంటే దగ్గరిది ఓక్లండ్ హిల్స్. హైవే 24 మీద కాల్డెకాట్ సొరంగం దాటేటప్పుడు ఇప్పటికీ ఆ కొండల కిందుగానే వెళ్తాం. 1991 అక్టోబరు 19, శనివారం, అక్కడ గడ్డిలో చిన్న మంట లేచింది. ఫైర్ సిబ్బంది వచ్చి ఆర్పారు. మర్నాడు పొద్దున గాలి లేచింది. ఆరిపోయిందనుకున్న చోట మిగిలిన నిప్పు లేచి ఇళ్ల మీద పడింది. 25 మంది చనిపోయారు. వేల ఇళ్లు కాలిపోయాయి. అది అడవిలో మారుమూల ఊరు కాదు, నగరంలో భాగం.

కొలరాడోలో మార్షల్ ఫైర్ గురించి చదివినప్పుడు మాత్రం నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. బౌల్డర్ దగ్గర ఒక స్థలంలో అక్కడ ఉండేవాళ్లు 2021 డిసెంబరు 24న కొమ్మలు, పాత చెక్క తగలబెట్టారు. తర్వాత మట్టి కప్పి పూడ్చేశారు. బాధ్యత లేని మనుషులు చేసిన పని కాదది, మనలో చాలామంది చేసేదే. ఆరు రోజుల తర్వాత, డిసెంబరు 30న, గంటకి 160 కిలోమీటర్లు దాటిన గాలి ఆ మట్టిని ఎగరగొట్టింది. కింద నిప్పు బతికే ఉంది. అదే రోజు దగ్గర్లో ఊడిపోయిన కరెంటు తీగ నుంచి రెండో మంట కూడా పుట్టిందని దర్యాప్తు అధికారులు 2023 జూన్‌లో తేల్చారు. రెండూ కలిసి లూయిస్‌విల్, సుపీరియర్ ఊళ్లలో, ఆ చుట్టుపక్కల 1,084 ఇళ్లని కొన్ని గంటల్లో బూడిద చేశాయి. ఇద్దరు చనిపోయారు. ఆ ఫోటోలు చూడండి. సందులు, కల్-డి-సాక్‌లు, రెండు కార్ల గ్యారేజీలు, పెరట్లో పిల్లల ఉయ్యాల. మన కాలనీలే. పెరట్లో నెగడు మీద మట్టి కప్పేస్తే చాలనుకునేవాళ్లు ఈ ఆరు రోజుల సంగతి గుర్తుపెట్టుకోవాలి. మట్టి కూడా బూడిద చేసే పనే చేస్తుంది.

హవాయిలో లహైనా, 2023 ఆగస్టు 8. పొద్దున్నే తెగిన కరెంటు తీగల వల్ల మంట పుట్టింది. ఫైర్ సిబ్బంది గంటల తరబడి అక్కడే ఉండి ఆర్పారు, ఆరిందనుకుని వెళ్లారు. మధ్యాహ్నం అదే చోట మళ్లీ లేచింది. 102 ప్రాణాలు పోయాయి. పొద్దుటి మంటలో మిగిలిన నిప్పే మధ్యాహ్నం లేచిందని 2024 అక్టోబరులో వచ్చిన దర్యాప్తు నివేదిక చెప్పింది.

ఇక లాస్ ఏంజెలెస్‌లోని పాలిసేడ్స్. 2025 జనవరి 1న కొండ మీద చిన్న మంట. ఆర్పేశారు. వారం తర్వాత, 7వ తేదీన, మా డయాబ్లో గాలుల్లాంటివే అయిన అక్కడి శాంటా ఆనా గాలులకి పసిఫిక్ పాలిసేడ్స్ తగలబడింది. మొదటి మంట తాలూకు నిప్పు వారం రోజులపాటు భూమి లోపల మొక్కల వేళ్లలో రాజుకుంటూనే ఉందని ఆ అక్టోబరులో ఫెడరల్ అధికారులు ప్రకటించారు. పన్నెండు మంది చనిపోయారు.

వీటిలో కొన్నిచోట్ల నిప్పు ఆర్పినది వృత్తిగా అదే పని చేసేవాళ్లు. లారీల నీళ్లు, గంటల సమయం, శిక్షణ ఉన్నవాళ్లు. వాళ్ల కంటికే కనపడని నిప్పు మిగిలిపోతే, రాత్రి పదకొండింటికి పిల్లల్ని పడుకోబెట్టాలనే తొందరలో ఒక జగ్గు నీళ్లు పోసి లోపలికి వెళ్లే మనకి కనిపిస్తుందా?

నాతో వాదించినవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటుంది. పెద్ద ప్రమాదాలు కరెంటు తీగల వల్ల జరుగుతున్నాయి, ఫైర్ పిట్‌ల వల్ల కాదు అని. ఇందులో చాలా నిజం ఉంది. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ ఊరిని తుడిచిపెట్టి 85 మందిని చంపిన, క్యాంప్ ఫైర్ అని పేరుపెట్టిన అడవి మంట హై టెన్షన్ లైను వల్లే పుట్టింది. పైన చెప్పిన వాటిలో కూడా తీగలున్నాయి. ఆ కంపెనీలని నిలదీయాలి, తీగలు భూమిలో వేయించాలి, అందులో నాకు రెండో మాట లేదు. పెరటి ఫైర్ పిట్ వల్లే ఊళ్లు తగలబడుతున్నాయని నేను అనడం లేదు.

కానీ ఈ వాదన చేసేవాళ్లు దాన్ని చివరిదాకా తీసుకెళ్లరు. ఈ దేశంలో అడవి మంటల్లో దాదాపు 85 శాతం మనుషుల వల్ల పుట్టేవే, అందులో ఆర్పకుండా వదిలేసిన నెగళ్లూ ఉన్నాయి. పైగా, గాలి రోజుల్లో ఒక్క రవ్వ కూడా రాలకూడదని కరెంటు కంపెనీ లక్షల మందికి సరఫరా ఆపుతుంది. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకునేవాళ్లు కూడా ఆ కష్టం పడతారు. అంత మంది అంత ఓర్చుకునేది ఒక్క రవ్వ కోసం. అలాంటి రోజున, లేదా దానికి రెండు రోజుల ముందు, నా సరదా కోసం నా పెరట్లో వందల రవ్వలు పుట్టించడం నాకు న్యాయంగా అనిపించదు. ఇంకోటి కూడా చూశాను. కరెంటు పోయిన రాత్రే కొన్ని ఇళ్ల వెనక నుంచి కట్టెల పొగ వస్తుంది. లోపల చీకటి, బయట కూర్చుందామని వెలిగిస్తారు. గాలి ఎందుకు ప్రమాదమో అందరికీ మెసేజ్ వచ్చిన రాత్రే ఇది జరుగుతుంది.

ఇప్పుడు కొలతల సంగతి. డబ్బా కాలిన మరుసటి వారం మా పెరడు కొలిచాను. ఇంటి గోడ నుంచి వెనక ఫెన్స్ వరకు 18 అడుగులు. ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్ అని ఒకటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు దాన్నే కొద్ది మార్పులతో పాటిస్తాయి. ఆరుబయట సరదాకి వేసే నెగడు కట్టడాలకి 25 అడుగుల దూరంలో ఉండాలని అందులో ఉంది. మనం కొనే రకం, కదిలించగలిగే ఫైర్ పిట్‌కైతే 15 అడుగులు. 18 అడుగుల పెరట్లో సరిగ్గా మధ్యలో పెట్టినా ఇంటికి తొమ్మిది, ఫెన్స్‌కి తొమ్మిది. అయితే సొంత ఇళ్లకి ఈ 15 అడుగుల నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఊరిని బట్టి స్థానిక నియమాలు కఠినంగా ఉండొచ్చు, అవి వేరే. నాకు అర్థం కానిదల్లా మినహాయింపు వల్ల తొమ్మిది అడుగులు పదిహేను ఎలా అవుతాయనేది. నిప్పు రవ్వ మినహాయింపు చదవదు. మీరూ ఒకసారి కొలవండి. కొత్త కాలనీల్లో ఇల్లు పెద్దది, స్థలం చిన్నది. పాతికడుగులు దొరికే పెరడు మా వీధిలో ఒక్కటీ లేదు.

రవ్వ ఎంత దూరం పోతుందంటే, పెద్ద గాలికి ఒక మైలు దాటి కూడా పోగలదు. ఇళ్లు కాలేది ఎక్కువగా అడవి నుంచి గోడలా వచ్చే మంట వల్ల అని అనుకునేదాన్ని. అలా కాదు. అమెరికా ఫారెస్ట్ సర్వీసులో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. ఇల్లు నిలబడుతుందా పోతుందా అన్నది చాలావరకు ఇంటి మీద, ఇంటి చుట్టూ కొద్ది దూరంలో ఏముందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ముందుగా వచ్చేవి రవ్వలు. ఇంటి కప్పు అంచున గట్టర్‌లో ఎండుటాకులు, కిటికీ కింద చెక్క పొట్టు, తలుపు ముందు కొబ్బరి పీచు పట్ట, అటకకి గాలాడే జాలీ, ఇంటి గోడకి తగిలేలా కట్టిన చెక్క ఫెన్స్. వీటిలో ఏదో ఒకటి చాలు. అందుకే గోడ నుంచి మొదటి అయిదు అడుగుల్లో కాలే వస్తువేదీ ఉండకూడదని కాలిఫోర్నియాలో ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. దాన్ని జోన్ 0 అంటున్నారు. మా ఇంటికి అటకలోకి గాలాడే పాత జాలీలు పెద్ద రంధ్రాలవి. వాటి స్థానంలో అంగుళంలో ఎనిమిదో వంతు రంధ్రాల ఇనుప జాలీ వేయించాం. పెద్ద ఖర్చు కాలేదు. ఫైర్ పిట్ తీసేయడానికి అసలు ఖర్చే కాలేదు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. ఈ రాష్ట్రంలో 2023 మే నెలలో అతిపెద్ద కంపెనీ స్టేట్ ఫార్మ్ కొత్త ఇళ్ల పాలసీలు ఇవ్వడం ఆపేసింది. పాలసీ రెన్యూ చేయబోమని ఉత్తరాలు అందుకున్న తెలుగు కుటుంబాలు మా చుట్టూనే ఉన్నాయి. ఆ టెన్షన్ పడ్డవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

భోగి గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. నా మాటలు మనవాళ్లకి ఎక్కువగా నొప్పి కలిగించేది కూడా ఇక్కడే. భోగి మంట లేకుండా సంక్రాంతి ఏమిటి అంటారు. నాకూ ఇష్టమే. తెల్లవారుజామున చలిలో, పొగమంచులో, వీధి నడుమ మంట. పాత తట్టలు, తాటి మట్టలు, పిడకల దండలు. మిగిలిన నిప్పుల మీద కాచిన నీళ్లతో తలంటు. కానీ ఆ దృశ్యంలో ఏమేం ఉన్నాయో చూడండి. నేల తడిగా ఉంటుంది. గడ్డి మీద మంచు. గాలి ఉండదు. మంట ఇంటి పెరట్లో కాదు, నడివీధిలో, వీధి మొత్తానికి ఒకటి. చుట్టూ పదిమంది పెద్దలు పొద్దెక్కేదాకా అక్కడే ఉంటారు. నీళ్లు కాచుకోవడానికని ఆ నిప్పులు కూడా ఎవరో ఒకరు తీసుకుపోతారు. ఆ పండగ ఆ నేలకి, ఆ నెలకి సరిపోయేలా ఏర్పడింది.

జనవరి అనే పేరు ఒకటే అయినంత మాత్రాన నేల ఒకటి కాదు. 2025లో భోగి జనవరి 13న వచ్చింది. అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్, ఆల్టడీనా కాలుతూనే ఉన్నాయి. అంతకు ముందు మే నెల నుంచి అక్కడ చెప్పుకోదగ్గ వాన పడలేదు. మార్షల్ ఫైర్ వచ్చింది డిసెంబరు 30న. టెక్సాస్‌లో చలికాలం మొత్తం గడ్డి పచ్చదనం పోయి గడ్డివాము రంగులో ఉంటుంది. ఉత్తరం నుంచి పొడి గాలి దిగుతుంది. 2024 ఫిబ్రవరి చివర్లో ఆ రాష్ట్రం ఉత్తరాన స్మోక్‌హౌస్ క్రీక్ ఫైర్ పది లక్షల ఎకరాలు దాటి కాల్చింది. ఫ్రిస్కోలోనో లియాండర్‌లోనో ఉన్నవాళ్లు భోగి రోజు పెరట్లోకి వెళ్లి కాలి కింద గడ్డి రంగు చూడండి. మా బే ఏరియాలో వానలు బాగా పడిన ఏడాది జనవరికి కొండలు పచ్చబడతాయి. అలాంటప్పుడు ప్రమాదం చాలా తక్కువని నేనే ఒప్పుకుంటాను. అలాంటి ఏడాది కూడా ఇంటింటా ఒకటి కాకుండా, ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అడిగి, అనుమతి తీసుకుని, తారు నేల మీద అందరికీ కలిపి ఒకటి వేసుకుంటే పండగకి ఏ లోటూ రాదు. అసలు పద్ధతి కూడా అదే కదా. ఇంకో సంగతి, ఇక్కడ గాలిలో పొగ, సన్నని ధూళి పెరిగాయని ఇచ్చే స్పేర్ ది ఎయిర్ హెచ్చరిక ఉన్న రోజున కట్టెలు ఇంట్లో కానీ పెరట్లో కానీ కాల్చడం చట్టప్రకారం నిషేధం. ఆ రోజు తెల్లారే ముందే చూసుకోవాలి.

ఒక స్నేహితురాలు నన్ను సూటిగా అడిగింది. "అక్కా, పిల్లలు ఎప్పుడు చూసినా ఫోన్లలోనే ఉంటారు. ఆ మంట దగ్గరే వాళ్లు మాతో మాట్లాడతారు. అదీ వద్దంటే ఎలా?" ఆమె బాధ నాకు అర్థమైంది. నిప్పు చుట్టూ కూర్చుంటే మనిషి నోరు విప్పుతాడు. దానికి సాటి వేరేది లేదు. మేము ఇప్పుడు ప్రొపేన్ గ్యాస్‌తో వెలిగేది వాడుతున్నాం. కట్టె వాసన లేదు, చిటపట లేదు. ఆ లోటు ఉంది, లేదని చెప్పను. కానీ నాబ్ తిప్పితే ఆరిపోతుంది, బొగ్గు లేదు, బూడిద లేదు, రవ్వ లేదు. రెడ్ ఫ్లాగ్ రోజుల్లో అదీ వెలిగించం. పిల్లలు ముందు మొహం చిట్లించారు. రెండోసారికి కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నారు. పెద్దవాడికి ఉబ్బసం ఉంది. పొగ లేకపోవడం వల్ల వాడు కూడా చివరిదాకా కూర్చుంటున్నాడు. ఈ సంగతి నేను ముందుగా ఆలోచించలేదు.

మాట వినని స్నేహితులు ఉంటారు. వాళ్లింట్లో కట్టెల మంట వేస్తే నేను అలిగి వచ్చేయను. చివరిదాకా ఉంటాను. పార్టీ అయిపోయే గంట ముందే కొత్త కట్టె వేయొద్దని చెబుతాను. మంట తగ్గాక నీళ్లు పోస్తాను. జగ్గుతో కాదు, బకెట్‌తో. పారతో అడుగుదాకా కలుపుతాను. పెద్ద బొగ్గుల్ని తిరగేసి కింది వైపు తడుపుతాను. మళ్లీ నీళ్లు పోస్తాను. చుయ్యిమనే చప్పుడు పూర్తిగా పోవాలి. ఆ తర్వాత చేతి వెనక భాగం దగ్గరగా పెట్టి చూస్తాను, పైపైన కాదు, పారతో లోపలిది పైకి తీసి. కొంచెం వెచ్చగా ఉన్నా మళ్లీ మొదటి నుంచి. ఇరవై నిమిషాలు పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముందు విసుక్కునేవాళ్లు. ఇప్పుడు ఒకరిద్దరు పైపు పట్టుకుని సాయం చేస్తున్నారు.

బూడిదని మాత్రం ఆ రోజే డబ్బాలో వేయనివ్వను. ఇనుప బకెట్, గట్టిగా పట్టే ఇనుప మూత. తడి బూడిద అందులో పోసి, ఇంటికీ ఫెన్స్‌కీ దూరంగా సిమెంటు నేల మీద వారం పైగా ఉంచాలి. కాగితం సంచి వద్దు, ప్లాస్టిక్ డబ్బా వద్దు, మొక్కల మొదట్లో వద్దు. బకెట్ ఎవరికైనా కావాలంటే మా ఇంట్లో ఉంది, వచ్చి తీసుకెళ్లండి. ఫెన్స్ మీద నల్లటి మచ్చ కూడా ఇంకా అలాగే ఉంది. రంగు వేయించలేదు.